బురద పందెం

ఎదురుగా ఎర్రరాతి కొండలు. కోట బురుజుల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. కింద చిత్తడి నేల. ఎడంపక్కన ఓ మోటారుసైకిలు, కుడిపక్కన మేడంత లారీ, వెనకాల బగ్గీలు, జీపులు, ర్యాలీ కార్లు. ఏ ఊరి ట్రాఫిక్ పోలీసూ ఒప్పుకోని ఈ గుంపంతా ఒకే గీత మీద నిలబడి ఇంజన్లు రేపుతుంటుంది. సంకేతం పడుతుంది. అంతే! మరుక్షణం మీ మొహం మీద... అదే, టీవీ తెర మీద... దోసెడు బురద!

'మోటార్‌స్టార్మ్' అనే వీడియోగేమ్‌లో పందెం మొదలయ్యేది ఇలాగే. రోడ్డు లేని చోట రేసు. నియమాలు లేని రేసు. ప్లేస్టేషన్-3 కోసం ఇంగ్లండ్‌లోని ఎవల్యూషన్ స్టూడియోస్ దీన్ని తయారుచేసింది. 2006 డిసెంబరులో జపాన్‌లో, 2007 మార్చిలో అమెరికా, ఐరోపాల్లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ప్లేస్టేషన్-3 మన దేశంలోకి అడుగుపెట్టినప్పుడు దాని ధర 39,990 రూపాయలు. అప్పటికి నేను విజయవాడలో ఇంటర్ చదువుతున్నాను. నలభై వేలంటే మా ఇంట్లో రెండేళ్ల కాలేజీ ఫీజు, పుస్తకాలు, బస్సు పాసూ కలిపినా ఇంకా మిగులుతుంది. కాబట్టి కొనడమనే ప్రశ్నే లేదు. గంటకింత అని డబ్బులు తీసుకునే గేమింగ్ పార్లర్ ఒకటి కాలేజీకి నడిచిపోయేంత దూరంలో ఉండేది. అరగంట ఆట, గంటన్నర చూపు. మా బ్యాచ్ అంతా అలాగే పెరిగింది.

మా వయసు వాళ్లకు రేసు ఆటంటే మొదట 'రోడ్‌రాష్'. ఇంటర్నెట్ సెంటర్లలో, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలో మాస్టారు అటు తిరగగానే ఇటు మొదలయ్యేది. పక్కనున్న బైకువాణ్ని పిడిగుద్దులు గుద్దడం, గొలుసుతో కొట్టడం... గెలవడం కన్నా అదే సరదా. మోటార్‌స్టార్మ్‌లో బైకెక్కి, పక్కనొచ్చేవాణ్ని చేత్తో ఒక్కటివ్వగానే పార్లర్లో ఉన్న నలుగురం ఒకేసారి కేకపెట్టాం. పాత దోస్తు పెద్ద ఉద్యోగం సంపాదించి, కొత్త బట్టల్లో ఊరికొచ్చినట్లు అనిపించింది మరి!

రేసు ఆటల్లో రెండు జాతులున్నాయి. ఒకటి సిమ్యులేషన్. టైరులో గాలి ఎంత, మలుపుకి ముందు ఎక్కడ బ్రేకు వేయాలి, పెట్రోలు బరువెంత... అన్నీ లెక్కే. అది ఒకరకంగా చదువు. రెండోది ఆర్కేడ్. బిళ్ల వేసి ఆడే పెట్టెల కాలం నుంచి వచ్చిన పద్ధతి. మొదటి నిమిషంలోనే ఆట అర్థం కావాలి, రెండో నిమిషంలో గుండె కొట్టుకోవాలి, మూడో నిమిషంలో ఇంకో బిళ్ల కోసం జేబు తడుముకోవాలి. 1990ల మధ్యలో వచ్చిన 'సెగా ర్యాలీ' ఈ పద్ధతిలో ఓ కొత్త సంగతి చేసి చూపించింది. మట్టి మీద కారు ఒకలా, తారు మీద ఇంకోలా జారడం అందులో చేతికి తెలిసేది. మోటార్‌స్టార్మ్ ఆ వంశంలోదే. తమాషా ఏమిటంటే, దీన్ని తయారుచేసినవాళ్లు అంతకుముందు 2001 నుంచి 2005 దాకా ప్లేస్టేషన్-2 మీద అసలు సిసలు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ ఆటలు తీసినవాళ్లు. ఏళ్ల తరబడి యూనిఫాం వేసుకుని బడికెళ్లిన పిల్లలు వేసవి సెలవుల్లో చెరువులో దూకితే ఎలా ఉంటుంది? ఈ ఆట అలా ఉంటుంది.

ఇందులో బళ్లు ఏడు రకాలు. బైకులు, నాలుగు చక్రాల ఏటీవీలు, బగ్గీలు, ర్యాలీ కార్లు, రేసింగ్ ట్రక్కులు, జీపును తలపించే మడ్‌ప్లగ్గర్లు, ఆఖరున రాక్షసుల్లాంటి బిగ్‌రిగ్‌లు. ఒక్కో బండికి ఒక్కో దారి. బైకు సన్నటి రాతి అంచుల మీదుగా పైపైన ఎగిరిపోతుంది. కిందికి దిగిందా, బురదలో చక్రం పట్టేస్తుంది. లారీకి ఆ గట్ల మీద చోటు చాలదు, కానీ బురదలో దానికి తిరుగులేదు. మధ్యలో ఉన్న బైకుల్ని నలుపుకుంటూ పోతుంది. అంటే అందరూ ఒకే పందెంలో ఉన్నా అందరి దారీ ఒకటి కాదు. ఏ దారి ఎవరిదో కనిపెట్టడమే ఆట. చెప్పడానికి చిన్న మాటే. కానీ చాలా రేసు ఆటల్లో దారి ఒక్కటే ఉంటుంది, దాన్ని ఎంత శుభ్రంగా తిప్పామన్నదే లెక్క. ఇక్కడ మలుపు మలుపుకీ ఓ నిర్ణయం తీసుకోవాలి. పైకా? కిందికా? ముందున్న లారీ వెనకా, పక్కకా?

ఇక బురద సంగతి. ఈ ఆటకి అసలు హీరో అదే. మొదటి చుట్టులో నున్నగా ఉన్న నేల మూడో చుట్టుకి దుక్కి దున్నిన పొలంలా తయారవుతుంది. ఏ బండి ఎటు వెళ్లిందో ఆ గాడి అక్కడే ఉండిపోతుంది. ముందు చుట్టులో మీరే తవ్విన గాడిలో తర్వాతి చుట్టులో మీరే ఇరుక్కుంటారు. బండి మొత్తం మట్టికొట్టుకుపోయి అసలు రంగేమిటో గుర్తుండదు. 2007లో ఇది చూసి నోరెళ్లబెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఇప్పుడు ఆడినా ఆ ముచ్చట తగ్గలేదు.

బూస్ట్ మీట కూడా గట్టి ఆలోచనే. నొక్కితే బండి దూసుకుపోతుంది. కానీ నొక్కినకొద్దీ ఇంజను వేడెక్కుతుంది. గీత దాటిందా... ఢాం! బండి ముక్కలు. వదిలేస్తే చల్లబడుతుంది. గెలుపు గీత వంద గజాల్లో ఉంది, వెనక నుంచి ఎవడో తరుముకొస్తున్నాడు, ఇంజను ఎర్రగా కాగిపోతోంది... బొటనవేలు తీయాలా, వద్దా? పేలిపోయిన బండి పల్టీలు కొడుతూ వెళ్లి మొదటి స్థానంలో గీత దాటిన సందర్భాలు కూడా ఉన్నాయి నాకు. అలాంటి గెలుపు తర్వాత కాసేపు మనిషి మామూలుగా ఉండలేడు.

ఉద్యోగంలో చేరి హైదరాబాద్ వచ్చిన కొన్నాళ్లకి ప్లేస్టేషన్-3ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి దాని తర్వాతి మోడల్ కూడా మార్కెట్లోకి వచ్చేసింది. మొదట కొన్న డిస్కు ఏదో వేరే చెప్పక్కర్లేదు.

నాన్న నడుంనొప్పితో స్టీరింగు వదిలేసి మా దగ్గరికొచ్చిన కొత్తల సంగతిది. ముప్ఫై ఏళ్లు లారీ నడిపిన మనిషి. ఆటోనగర్లో బండి బాడీ కట్టించడం దగ్గర్నుంచి భువనేశ్వర్ దాకా లోడు దించడం వరకూ ఆయనకు తెలియనిది లేదు. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో మాత్రం ఏం చేయాలో తెలిసేది కాదు. నేను ఆడుతుంటే పేపరు పక్కనపెట్టి చూసేవాడు. మొదట్లో మాట్లాడలేదు. ఓ రోజు నేను బిగ్‌రిగ్‌తో బురదగుంటలోంచి ఝామ్మని దూసుకుపోతుంటే...

"ఖాళీ బండి కాబట్టి పోతోందిరా. పది టన్నులెయ్యి, చూద్దాం" అన్నాడు.

నవ్వొచ్చింది. కానీ ఆగలేదు ఆయన. "ముందోడు తొక్కిన గాడిలో పోతున్నావ్. గాడి లోతైతే మధ్యలో మిట్ట బండి కడుపుకి ఆనుకుంటుంది. ఇక చక్రాలు గాల్లో తిరుగుతుంటాయ్. ఓ పక్క చక్రం మిట్ట మీద వేసుకో, రెండోదాన్ని గాడికి ఆవల ఉంచు."

వేసి చూశాను. ఆటలో నిజంగానే కొంచెం తేడా కనిపించింది. ఇంగ్లండ్‌లో కంప్యూటర్ల ముందు కూర్చుని ప్రోగ్రాం రాసినవాళ్లకీ, కృష్ణా జిల్లా లారీ డ్రైవరుకీ ఒకే బురద తెలిసినట్లుంది!

ఆ సాయంత్రం నుంచి నాన్న మాట్లాడడం మొదలుపెట్టాడు. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమకి సాయం బియ్యం వేసుకుని వెళ్లిన సంగతి నేను మొదటిసారి విన్నది అప్పుడే. రోడ్డుకి అడ్డంగా కొబ్బరిచెట్లు పడిపోయి ఉన్నాయట. ఓ చెట్టు నరికి పక్కకి లాగేసరికి ఇంకోటి. కాలవగట్టు మీద బండి దిగబడిపోతే, పడిపోయిన చెట్ల మట్టలే కోసి చక్రాల కింద పరిచారట. ఊరివాళ్లు మోకులు కట్టి లాగారట. ఇల్లు పోయినవాళ్లు, మనుషులు పోయినవాళ్లు వచ్చి లాగారని చెప్పి నాన్న కొంచెంసేపు ఊరుకున్నాడు. నాకప్పుడు ఆరేళ్లు. నాన్న మూడు రోజులు ఇంటికి రాలేదన్న సంగతి కూడా నాకు గుర్తులేదు. మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. డబ్బులు సరిపోయాయా, తిన్నావా... అంతకు మించి ఎప్పుడూ సాగేవి కావు. ఓ రేసు ఆట వాటిని సాగదీసిందంటే, నేను దాని మీద ఎన్ని ఫిర్యాదులు చేసినా ఓ పది మార్కులు ముందే వేసేయాలి.

అయితే ఒకటి గమనించాను. బండి బోల్తాపడినప్పుడు నాన్న తెర వైపు చూసేవాడు కాదు.

ఈ ఆటలో ప్రమాదాలకి పెద్దపీట వేశారు. బండి రాతిని గుద్దుకోగానే కాలం నెమ్మదిస్తుంది. కెమెరా చుట్టూ తిరుగుతుంది. చక్రం ఊడి ఒకవైపు, తలుపు ఇంకోవైపు, బైకు మీద మనిషి గాల్లో గుడ్డబొమ్మలా ఎగిరి ఎక్కడో పడతాడు. రెండు మూడు సెకన్లలో కొత్త బండి, కొత్త మనిషి. మళ్లీ పరుగు. నిజం చెప్పాలంటే సగం మంది ఈ ఆట ఆడేది ఆ పల్టీల కోసమే. పార్లర్లో మేమూ అంతే. ఎవడి క్రాష్ గొప్పగా ఉందో చూసి మార్కులు వేసేవాళ్లం.

నాన్న లారీ ఓసారి తుని దాటాక రాత్రిపూట బోల్తాపడింది. ఆయనకు భుజం విరిగింది. పక్కన కూర్చున్న క్లీనరుకి పంతొమ్మిదేళ్లు, కాలు తీసేయాల్సివచ్చింది. రెండు నెలలు ఇంట్లో కూర్చుని, మళ్లీ బండెక్కాడు నాన్న. ఎక్కక ఏం చేస్తాడు? ఆ అబ్బాయి ఇప్పుడు మా ఊళ్లో కిరాణాకొట్టు పెట్టుకున్నాడు. ఊరెళ్లినప్పుడల్లా నాన్న ఆ కొట్టు ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు.

అందుకని ఆ ఆట చెడ్డదని నేననను. గుద్దుకుంటే ఏమీ కాదన్న భరోసా ఉంది కాబట్టే దాన్ని ఆడగలుగుతున్నాం. కానీ ఆ నెమ్మది కెమెరాని ఆపేసే వీలు ఉంటే బాగుండేది. ప్రమాదాన్ని ప్రతిసారీ పళ్లెంలో పెట్టి అన్ని కోణాల్లోంచి చూపించనక్కర్లేదు. నాన్న పక్కనుంటే నేను మీట నొక్కి త్వరగా దాటించేసేవాణ్ని.

లోపాల దగ్గరికి వచ్చాం కాబట్టి మిగతావీ చెప్పుకుందాం. ఆటలో దారులు మొత్తం ఎనిమిది. వాటినే మార్చి మార్చి, బళ్లు మార్చి, 21 టికెట్ల కింద సర్దారు. పదిహేనో టికెట్ దగ్గరికొచ్చేసరికి ఏ రాయి ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేయొచ్చు. పండక్కి అరిసెలే చేసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అవే పెట్టినట్లు. అరిసెలు బాగుంటాయి, కాదనం. పందెం మొదలవడానికి ముందు బండి ఎంచుకోవాలి కదా, ఒక్కో బండి బొమ్మ తెర మీదికి రావడానికి పట్టే సమయం ఇంకో చిరాకు. నాలుగు బళ్లు చూసి అయిదోది ఎంచుకుందామనుకుంటే ఈలోగా టీ పెట్టుకుని రావచ్చు.

అంతకన్నా పెద్ద అన్యాయం ప్రత్యర్థులది. మీరు ఎంత బాగా నడిపినా వెనకవాళ్లు రబ్బరుబ్యాండు కట్టినట్లు వెంటే వస్తారు. మీరు పడిపోతే వాళ్లూ నెమ్మదిస్తారు. పందెం చివరిదాకా ఉత్కంఠగా ఉండాలని చేసిన ఏర్పాటే అనుకోండి. కానీ రెండు చుట్లు చెమటోడ్చి సంపాదించిన ముందంజ మూడో చుట్టులో ఒక్క పొరపాటుతో ఆవిరైపోతుంటే కడుపు మండదూ? పైగా ఆఖరి టికెట్లలో వాళ్లలో వాళ్లు పోటీ మానేసి మన మీదే పగబట్టారా అనిపిస్తుంది.

చేతిలో ఉండే కంట్రోలర్ సంగతి మరీ విచిత్రం. ప్లేస్టేషన్-3తో మొదట ఇచ్చిన కంట్రోలర్‌లో అదురు లేదు. వంచితే బండి తిరిగే ఏర్పాటు ఉంది. అంతకుముందు ప్లేస్టేషన్-2లోనే ఉన్న కంపనం మాత్రం లేదు. రాళ్ల మీద బండి ఎగిరెగిరి పడుతుంటే అరచేతిలో మాత్రం నిశ్శబ్దం! ఆ ముచ్చట తర్వాతి కంట్రోలర్‌తో గానీ తిరిగి రాలేదు.

ఈ ఆటకి పుట్టకముందే ఓ అపవాదు ఉంది. 2005లో అమెరికాలో జరిగిన ఈ3 ప్రదర్శనలో దీని వీడియో చూపించారు. జనం వెర్రెత్తిపోయారు. తీరా అది ఆటలోంచి తీసింది కాదు, ఆట ఇలా ఉండబోతుందని విడిగా తయారుచేసిన బొమ్మ. పెళ్లిచూపుల్లో చూపించిన ఫొటో ఒకటి, పీటల మీద అమ్మాయి ఇంకొకరు అన్నట్లు గోలయింది. వచ్చిన ఆట ఆ వీడియో అంత లేదు. అయినా 2007లో దాని పక్కన నిలబడగల బురద ఆట నాకైతే కనిపించలేదు.

ఇక ఆ ఎర్రకొండలు. అవి ఊహ కాదు. అమెరికాలో అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీ అది. జాన్ ఫోర్డ్ 1939లో తీసిన 'స్టేజ్‌కోచ్' సినిమా నుంచి కౌబాయ్ సినిమా అనగానే కళ్ల ముందు మెదిలే చోటు. కానీ అది నవాహో ప్రజల భూమి. 1958 నుంచి వాళ్ల పార్కు. చూడడానికి వచ్చినవాళ్లు తమ బండిలో తిరగడానికి 17 మైళ్ల మట్టిదారి ఒకటుంది. దాన్ని దాటి ఇష్టమొచ్చినట్లు తోలడానికి లేదు. ఆటలో మాత్రం వందలాది బళ్లు ఆ నేలని చిందరవందర చేస్తుంటాయి. కొండలు ఎవరివో వాళ్ల జాడ ఒక్కటీ ఉండదు. గుడారాలు, హోరెత్తే రాక్ సంగీతం, పచ్చబొట్ల కుర్రాళ్లు... అందరూ బయటినుంచి వచ్చినవాళ్లే. మన తిరుమల కొండ మీద ఎవరో ఇలాంటి పందెం పెట్టి, అందులో ఒక్క తెలుగువాడు కూడా కనిపించకపోతే మనకెలా ఉంటుంది?

కానీ నా వరకు దీని అసలు లోపం వేరు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు కలిసి ఆడలేరు! తెరని రెండుగా చీల్చే స్ప్లిట్‌స్క్రీన్ ఇందులో లేదు. కలిసి ఆడాలంటే ఇంటర్నెట్‌లోనే, పన్నెండు మంది దాకా. పార్లర్లో భుజాలు రాసుకుంటూ కూర్చున్న నలుగురం వంతులేసుకుని ఆడాం గానీ, ఒకరితో ఒకరం ఎప్పుడూ పోటీపడలేదు. ఆ ఇంటర్నెట్ పోటీల సర్వర్లని కూడా కొన్నేళ్లకి మూసేశారు. కాబట్టి ఇవాళ ఈ డిస్కు కొన్నవాళ్లకి దక్కేది సగం ఆట. ప్లేస్టేషన్-4లో, 5లో ఆ డిస్కు పనిచేయదు. పాత మిషను చేతిలో ఉంటేనే.

తప్పు తెలుసుకున్నారో ఏమో, 2008లో వచ్చిన రెండో భాగం 'పసిఫిక్ రిఫ్ట్'లో తెరని నాలుగుగా చీల్చారు. దారులు పదహారయ్యాయి. ఎడారి బదులు అడవులు, అగ్నిపర్వతం, వాగులతో ఓ దీవి. నీళ్లలోంచి వెళ్తే ఇంజను త్వరగా చల్లబడుతుంది, లావా పక్కకెళ్తే వేడెక్కుతుంది. నన్నడిగితే వరసలో ఇదే అన్నిటికన్నా మంచిది. మూడోది 'అపొకలిప్స్', 2011లో. భూకంపంతో కూలిపోతున్న నగరంలో పందెం. పక్కన భవనాలు ఒరిగిపోతుంటే, వంతెనలు విరిగిపోతుంటే వాటి మధ్యలోంచి దూసుకుపోవాలి. ఆ మార్చిలోనే విడుదల. మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ. బ్రిటన్‌లో విడుదల వాయిదా వేశారు, జపాన్‌లో మొత్తానికే రద్దుచేశారు. టీవీలో ఒక ఛానల్లో చూస్తున్నదే ఆటలో సరదాగా చూడమంటే ఎవరివల్లా కాదు కదా! ఆ ఆట పాపం చేసిందని కాదు, తేదీ అలా పడింది. ఆ తర్వాత ఈ స్థాయి పెద్ద మోటార్‌స్టార్మ్ ఇంకోటి రాలేదు. 2016 మార్చిలో ఎవల్యూషన్ స్టూడియోస్‌నే మూసేశారు. అందులో చాలామంది కోడ్‌మాస్టర్స్‌లో చేరి, 2018లో 'ఆన్‌రష్' అనే ఆట తీశారు. అందులోనూ బురద ఉంది, పల్టీలున్నాయి. గీత దాటడం అనేదే లేదు. నాకు ఎక్కలేదు.

పోయిన సంక్రాంతికి అక్క పిల్లలు వచ్చినప్పుడు 'పసిఫిక్ రిఫ్ట్' పెట్టాను. మూడు కంట్రోలర్లు వాళ్లవి. నాలుగోది వద్దంటూనే నాన్న అందుకున్నాడు. మడ్‌ప్లగ్గర్ ఎంచుకున్నాడు. బూస్ట్ మీట ఎక్కడుందో చెబితే "అక్కర్లేదులే" అన్నాడు. పిల్లలు పేలిపోతూ, లోయల్లో పడుతూ, అరుచుకుంటూ ముందుకెళ్లిపోయారు. తెరలో కుడివైపు కిందిమూల మాత్రం ఓ బండి గాడికి పక్కగా, ఒక చక్రం మిట్ట మీద వేసుకుని, నిదానంగా వెళ్తోంది. మిగతా వాళ్లంతా పందెం ముగించి జంతికలు తింటున్నా అది వెళ్తూనే ఉంది.

"తాతయ్యా, నువ్వే లాస్టు" అంది మా చిన్న మేనకోడలు.

"ఆ, చూస్తున్నాలే" అన్నాడు నాన్న, తెర మీంచి కళ్లు తీయకుండా.